సొరపందిరి ఉన్న వీధి

పద్నాలుగు మందికి టీ. అందులో నలుగురికి చక్కెర వద్దు, ఇద్దరికి పాలు వద్దు, ఖలీల్ సాబ్‌కి అల్లం ఘాటుగా ఉండాలి. ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నా చేతులకే తెలుసు. జూన్ నెల, శనివారం మధ్యాహ్నం. మా ముందుగదిలో బంగ్లా సమితి పెద్దలంతా కూర్చున్నారు. నేను వంటింట్లో సింగాడాలు, అదే మా సమోసాలు, వేయిస్తున్నాను. మా వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు, పూసల తెర ఒకటే. దాంతో వాళ్ళు నాకు చెప్పకూడదనుకున్నవి కూడా నాకు వినిపిస్తూనే ఉంటాయి. అసలు నాకు వినబడకూడదని అనుకోవాలన్న సంగతే వాళ్ళకి తట్టదు.

"మొఖ్లిస్ భాయ్ ఇంటి పక్కన ఖాళీ జాగా ఒకటి ఉందిగా. మన సమితి హాలుకి ఎదురుగానే. పది పన్నెండు కార్లు పడతాయి," అన్నారు ఖలీల్ సాబ్. ఆయనే సమితి అధ్యక్షుడు.

"అక్కడేదో తోట ఉన్నట్టుంది కదా?" అన్నారెవరో.

"తోటా పాడా! మా ఆవిడ వేసిన రెండు సొరపాదులు. అరపూటలో పీకి పారెయ్యొచ్చు."

ఆ మాటన్నది మొఖ్లిస్ భాయ్, అంటే మా ఆయన.

నాకు కోపం వస్తే నోరు పెగలదు, చేతులు మాత్రం వేగం అందుకుంటాయి. ఆ రోజు నలభై సింగాడాలు చేద్దామనుకున్నదాన్ని అరవై చేసి పడేశాను. పళ్ళెం పట్టుకుని గదిలోకి వెళితే, "భాబీ చేతి సింగాడా తినందే మీటింగు అయినట్టే కాదు," అని ఒకాయన, "మొఖ్లిస్ భాయ్ పెట్టిపుట్టాడు," అని ఇంకొకాయన. బల్ల మీద పెద్ద కాగితం పరిచి ఉంది. దాని మీద నా తోట. అంటే, నా తోట ఉన్న చోట పెన్సిల్‌తో గళ్ళు గళ్ళుగా గీతలు. నా నాగా మిరప మొక్కలున్న మూల పెద్దవాళ్ళ కార్లకట. బచ్చలి తీగ పాకే కంచె దగ్గర గేటట. పందిరి నడిమి గుంజ ఉన్నచోట ఒక సున్నా చుట్టి "దీపస్తంభం" అని రాశారు. ఆ సున్నా మీద టీ కప్పు పెట్టి వచ్చేశాను.

మా ఇంటి కథ చెప్పమంటే మా ఆయన ఒకలా చెప్తాడు, నేనొకలా చెప్తాను. ఆయన కథ ప్రతి ఏడూ సమితి వార్షికోత్సవంలో మైకులో వినబడుతుంది. న్యూయార్క్ వదిలి ధైర్యంగా డెట్రాయిట్ వచ్చిన మొదటి బంగ్లాదేశ్ మనుషుల్లో, మా సిల్హెట్ జిల్లా వాళ్ళల్లో తను ఒకడినని, తను పిలిస్తేనే ఇన్ని వందల కుటుంబాలు వచ్చాయని, ఈ చేపల కొట్టూ చీరల కొట్టూ హాలూ అన్నీ అలా పుట్టినవేనని. అబద్ధం కాదు. కాకపోతే అందులో నేను లేను.

నా కథ ఏమిటంటే, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒక నేలమాళిగలో ఎనిమిదిమందిమి ఉండేవాళ్ళం. ఒకటే కిటికీ, రోడ్డు మట్టానికి ఉండేది, అందులోంచి జనం కాళ్ళు తప్ప మొహాలు కనబడేవి కావు. ఆరునెలలు చూసేసరికి చెప్పుల్ని బట్టి మనుషుల్ని గుర్తుపట్టడం వచ్చేసింది నాకు. డెట్రాయిట్‌లో ఇళ్ళు కారుచవగ్గా వస్తున్నాయని టాక్సీ స్టాండులో ఎవరో చెప్పారట, మా ఆయన ఒకరోజు వచ్చి ఇల్లు చూసి, ఒక పోలిష్ ముసలావిడ దగ్గర బేరం చేసి, నన్నూ ఏడాది పిల్లనీ ఇక్కడ దింపి, టాక్సీ వదులుకోలేనని మళ్ళీ న్యూయార్క్ వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళు! నెలకోసారి బస్సులో వచ్చి రెండ్రోజులుండి పోయేవాడు. వీధిలో సగం ఇళ్ళకి కిటికీలకి చెక్కలు కొట్టేసి ఉండేవి. మా పక్క ఇల్లు ఎప్పుడో తగలబడిపోతే పడగొట్టేశారు, ఇటుకలూ గాజుపెంకులూ మిగిలాయి. మా భాష మాట్లాడే మనిషి కనుచూపు మేరలో లేదు. నేను పొద్దున సీటుబెల్టుల ఫ్యాక్టరీలో కుట్టుపని, సాయంత్రం పిల్ల, మధ్యలో ఆ ఇటుకలు.

అవును, ఇటుకలు. ఒక్కొక్కటీ ఏరి గోడవార పేర్చాను. గాజుపెంకులు బకెట్టులో ఏరి పోశాను. ఆకులు కుళ్ళబెట్టి మట్టి చేశాను. ఎందుకంటే నా పెట్టెలో, పసుపు పొట్లంలో దాచి తెచ్చుకున్న సొరగింజలు పదకొండున్నాయి, అవి చచ్చిపోతే నేనూ ఇక్కడ బతకనేమోనని ఒక పిచ్చి భయం పట్టుకుంది. ఏప్రిల్లో పెరుగు డబ్బాల్లో కిటికీ దగ్గర మొలకెత్తించి, మంచు పోయాక మే చివర్లో నాటాను. పారేసిన ఇనప మంచాలు, నీళ్ళ గొట్టాలు, ఒక పాత తలుపు, చేపల వల, ఏది దొరికితే అది కట్టి పందిరి వేశాను. ఫోన్లో చెప్తే మా ఆయన, "తిండికి లోటా అక్కడ? ఆ చెత్తంతా ఎందుకు పోగేస్తావ్, ఎవరైనా చూస్తే నవ్వుతారు," అన్నాడు. ఆగస్టులో మొదటి కాయ దిగింది. రొయ్యలేసి వండుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నేనూ నా కూతురూ మెట్ల మీద కూర్చుని తిన్నాం. ఆ రోజు ఎంత ఏడ్చానో! సంతోషం పట్టలేక ఏడవడం అదే మొదటిసారి నాకు.

రెండో ఏడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే ఒకాయన, భార్య, ముగ్గురు పిల్లలు. సిల్హెట్ మాట! నన్ను "ఆపా", అంటే అక్కా, అని పిలవడం చెవులారా విన్నాను. "ఇళ్ళు చూద్దామని న్యూయార్క్ నుంచి వచ్చాం ఆపా. పొద్దుట్నించీ తిరుగుతున్నాం, మనవాళ్ళు ఒక్కరూ కనబడలేదు, ఇంక వెనక్కి పోదాం అనుకుంటుంటే రోడ్డు మీంచి మీ సొరపందిరి కనిపించింది. అది చూసిందే తడవు ఈవిడ నడిచే కార్లోంచి దిగబోయింది," అన్నాడు. ఆ పక్కనున్న ఆయన భార్య నా భుజం పట్టుకుని, "ఇంకెవరు వేస్తారు ఆపా ఇలాంటి పందిరి, మనవాళ్ళు తప్ప!" అని భోరుమంది. ఆమె రోషనారా. ఆయనే ఖలీల్ సాబ్. ఎదురు వరసలో ఇల్లు కొన్నారు. ఆమెకి ఆరు గింజలిచ్చాను. మరుసటి ఏడు వాళ్ళ దొడ్లో కూడా పందిరి లేచింది. రెండు పందిళ్ళు చూసి ఇంకో నలుగురు ఆగారు. అలా వీధి వీధంతా నిండింది. వచ్చిన ప్రతి కుటుంబమూ ముందు మా ఇంట్లోనే దిగేది, వారమో నెలో. వాళ్ళందరికీ అన్నం వండి పెట్టిందీ, పిల్లల్ని బడిలో చేర్పించిందీ, గ్యాసు కనెక్షన్ ఎలా పెట్టించుకోవాలో చెప్పిందీ ఎవరంటే, నేనే. ఏటా మొదటి కాయ మాత్రం వీధిలోకి అందరికన్నా ఆఖర్న వచ్చిన ఇంటికే వెళ్తుంది. అది నేను పెట్టుకున్న లెక్క. ఇప్పుడది వీధిలో ఆడవాళ్ళందరి లెక్క అయిపోయింది. ఈసారి ఎవరికి వెళ్తుందా అని మార్చి నుంచే పందేలు కాస్తారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ పందిరి కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలూ ఒక పాత సోఫా ఉన్నాయి. సమితి హాల్లో ఆడవాళ్ళకి ఒక గదుంది కానీ దాని నిండా విరిగిన కుర్చీలు వేసి తాళం పెట్టారు. ఎవరింటికి ఎవరం వెళ్ళినా అక్కడ అత్తో, కొడుకో, టీ అడిగే మగమనిషో ఉంటారు. పందిరి కింద ఒక్కచోటే, ఎవరికీ ఏమీ వండి పెట్టకుండా, ఊరికే కూర్చుంటాం. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమైన విద్యో! మొదట్లో ఎవ్వరికీ రాలేదు. పారుల్ ఆపా అయితే మొదటి ఏడంతా చిక్కుళ్ళు తుంచుతూనే కూర్చుంది. ఇప్పుడు కాళ్ళు చాపుకుని పాటలు పాడుతుంది. ఆ పందిరి ఉన్నచోటే ఇప్పుడు దీపస్తంభం పాతుతారట.

"చెప్పొచ్చుగా నాతో ఒకమాట," అన్నాను మా ఆయనతో, అందరూ వెళ్ళాక.

"ఇందులో నీకు చెప్పేదేముంది? నగరం వాళ్ళ జాగా అది, నీదా నాదా? ఇన్నాళ్ళూ ఊరికే వాడుకున్నాం. పక్కింటివాళ్ళకే అమ్ముతారట, నేను కొని సమితికి ఇస్తున్నాను. పేరు వస్తుంది. నీకు కావలిస్తే డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకో," అన్నాడు. చెడ్డవాడు కాదు మా ఆయన. ఒక్కమాట గట్టిగా అనడు. నా అత్తగారు బతికున్నప్పుడు అనేది, "ఆడదానికి జాగా ఎందుకే, పొయ్యి ముందు రెండడుగులుంటే చాలదా?" అని. ఆమె మాట అంటే తెలిసేది, తగిలేది. ఈయన మాట నవ్వుతూ వస్తుంది, తగిలిన సంగతి పనంతా అయ్యాక తెలుస్తుంది.

సోమవారం నగర ఆఫీసుకి వెళ్ళాం. నన్ను తీసుకెళ్ళమన్నది ఖలీల్ సాబ్. "భార్య కూడా ఉంటే కుటుంబం వాళ్ళని మంచి అభిప్రాయం కలుగుతుంది. భాబీ ఏం మాట్లాడక్కర్లేదు," అన్నారు. మాట్లాడకుండా కూర్చోవడంలో నాకు మంచి పేరుంది కదా! ముందు సీట్లో వాళ్ళిద్దరూ, వెనక నేను.

కౌంటర్ వెనక ఉన్నావిడ నల్లజాతి మనిషి, అరవై దాటి ఉంటాయి, కళ్ళజోడుకి పూసల గొలుసు. మా ఆయన ఇచ్చిన కాగితాలు చూసి, కంప్యూటర్ చూసి, మళ్ళీ కాగితాలు చూసి, "లుత్ఫా బేగం ఎవరు?" అంది.

వాళ్ళిద్దరూ వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు. లుత్ఫా బేగం అనే ఇంకో మనిషి ఎవరో లోపలికి వస్తోందేమోనని! నేను మెల్లగా చెయ్యెత్తాను.

"ఆ ఇల్లు ఈవిడది. పక్క జాగా కోసం దరఖాస్తు ఈవిడే పెట్టాలి. మరి మీరెవరు?" అని అడిగింది మా ఆయన్ని.

"భర్తని."

"అలాగా," అందావిడ. "అక్కడ కుర్చీలున్నాయి, కూర్చోండి."

మా ఆయన తెల్లమొహం వేశాడు. ఖలీల్ సాబ్ ఏదో పొరపాటు జరిగిందని చెప్పబోతే, ఆవిడ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. అక్కడ ఉంది. నా పేరు, తేదీ, నా సంతకం. వంకర టింకరగా, నిద్రలేని చేతి సంతకం. అప్పుడు గుర్తొచ్చింది. మేం ఇక్కడికొచ్చిన ఆ చలికాలం ఇల్లు రాయించుకునే రోజున మా ఆయన టాక్సీ వదిలి రాలేనన్నాడు. "నువ్వే వెళ్ళి సంతకం పెట్టెయ్. ఎవరి పేరైతే ఏముంది, కాగితమేగా!" అన్నాడు ఫోన్లో. పిల్లని ఒళ్ళో పెట్టుకుని చూపించిన చోటల్లా సంతకాలు చేశాను. ఆయన బదులు చేస్తున్నాననుకున్నాను. అంతే. ఆ తర్వాత పన్ను నోటీసులు నా పేరు మీదే వచ్చేవి. నీళ్ళ బిల్లు, కరెంటు బిల్లు, బడి ఉత్తరాలు అన్నీ నా పేరే. ఇంటిపట్టున ఉండేది నేనే కాబట్టి అలా రాస్తారనుకున్నాం ఇద్దరమూ. ఆయన కట్టేవాడు, నేను సొరుగులో పెట్టేదాన్ని. ఇరవై రెండేళ్ళుగా మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదంటే నవ్వాలో తల బాదుకోవాలో!

ఆవిడ ఒక ఫారం నా ముందుకి తోసింది. చివర్న ఒక ప్రశ్న ఉంది, ఈ జాగాని దేనికి వాడతారు అని. ఖలీల్ సాబ్ వెనకనుంచి వంగి, "పార్కింగ్ అని రాసెయ్ భాబీ, ఐదు నిమిషాల పని," అన్నారు. పెన్ను తీసుకున్నాను. నిజం చెప్తున్నాను, రాసేసేదాన్నే. చెప్పినచోట సంతకం పెట్టడం చేతికి అలవాటు. పెన్ను కాగితానికి ఆనించాను కూడా. అప్పుడు ఆవిడ కళ్ళజోడు కిందనుంచి నన్ను చూసి, "తొందరేం లేదు తల్లీ. రెండు వారాలు గడువుంది. ఇంటికి పట్టుకెళ్ళి చదువుకో," అంది.

నా జీవితంలో నాతో ఎవ్వరూ "తొందరేం లేదు" అనలేదు. ఆ ఒక్కమాటకి పెన్ను పక్కన పెట్టి, ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత పదిరోజులు మా ఇంట్లో వింతలే వింతలు. మా ఆయన నన్ను "అలసిపోయావా?" అని అడిగాడు. కూర ఉప్పగా ఉంటే బాగుందన్నాడు. జాక్సన్ వీధి కొట్టులో నాకిష్టమని సాత్కొరా నిమ్మకాయలు కొనుక్కొచ్చాడు. ఫారం గురించి మాత్రం ఎత్తడు. ఎత్తకుండా దాని చుట్టూ తిరుగుతాడు, మా పిల్లి చేప చుట్టూ తిరిగినట్టు. నేను దాన్ని బియ్యం డబ్బా మీద అయస్కాంతంతో అంటించాను, ఎవరికైనా కనబడేలా. రోజూ బియ్యం తీస్తూ ఆ ప్రశ్న చదువుకునేదాన్ని. దేనికి వాడతారు? ఒకరోజు అనిపించేది, ఎందుకొచ్చిన గొడవ, వీధిలో మగాళ్ళందరి నోళ్ళలో నానడం, ఇచ్చేస్తే పోలేదా అని. కూతురు పెళ్ళీడుకొచ్చింది, రేపు ఎవరైనా "ఆ లుత్ఫా కూతురా, వాళ్ళమ్మ మొగుడి మాట వినదు" అంటే? ఇంకోరోజు పందిరెక్కుతున్న తీగ కొస చూస్తే ఒళ్ళు మండేది. రెండు సొరపాదులట!

ఖలీల్ సాబ్ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. ఈసారి నాతో మాట్లాడ్డానికే వచ్చారు.

"భాబీ, ఇది సమాజం కోసం. స్వార్థం చూసుకోకూడదు."

"సమితిలో ఆడవాళ్ళెంతమంది భాయ్ సాబ్?"

"అదేం ప్రశ్న భాబీ! చాలామంది ఉన్నారు. వంటల కమిటీ మొత్తం మీరే కదా."

"మీరు ఈ ఊరెలా వచ్చారో గుర్తుందా?" అని అడిగాను.

"గుర్తులేకేం! మొఖ్లిస్ భాయ్ చెప్తేనే వచ్చాం," అన్నారాయన తడుముకోకుండా.

నాకు నవ్వొచ్చింది. ఆ రోజు మొఖ్లిస్ భాయ్ న్యూయార్క్‌లో టాక్సీ తోలుకుంటున్నాడు, అప్పటికి వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. ఆయన అబద్ధమాడలేదు పాపం. మైకులో అన్నేళ్ళు విని విని నిజంగానే అలా గుర్తుండిపోయింది. ఆయనకి కోపం తెప్పించడం కన్నా టీ ఇవ్వడం సులువని టీ ఇచ్చి పంపాను.

ఆ సాయంత్రం పందిరి కింద జరిగింది అంతా చెప్పాను. రోషనారా నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆయనా! నడిచే కార్లోంచి దిగబోయి నేను మోకాలు పగలగొట్టుకున్నాను, మచ్చ ఇంకా ఉంది, చూపించనా?" అంది. అప్పుడే హేనా ఉలిక్కిపడ్డట్టు లేచింది. హేనా మాలో చిన్నది, కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, సొంత కారు తోలుతుంది, ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా మేం దానికే ఇస్తాం.

"ఆపా, ఒక్కటి అడుగుతాను. ఈ ఇళ్ళన్నీ కొన్నప్పుడు మన మగాళ్ళందరూ ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటారు, న్యూయార్క్‌లో టాక్సీల్లో," అంది పారుల్ ఆపా.

"మరి సంతకాలు ఎవరు పెట్టారు?"

అంతే. ఎవరిళ్ళకి వాళ్ళు పరుగెత్తాం. పరుగంటే పరుగే, చీరలు ఎగ్గట్టి! బిస్కెట్ల డబ్బాలు, ఖురాన్ గుడ్డసంచులు, దిండు గలీబులు, ఒకావిడైతే పాత ప్రెషర్ కుక్కర్, అందులో కాగితాలు. హేనా సోఫా మీద నిలబడి ఒక్కొక్కటీ చదువుతుంటే మేం పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూశాం. పదమూడు డబ్బాలు. అందులో తొమ్మిది ఆడవాళ్ళ పేర్లు!

"రోషనారా ఖానమ్!" అని హేనా అరిచేసరికి రోషనారా ఆ కాగితం లాక్కుని తన పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. సమితి అధ్యక్షుడుగారు ఇరవై ఏళ్ళుగా పెళ్ళాం ఇంట్లో కాపరం చేస్తున్నారన్నమాట. అందరికన్నా ఆఖర్న పారుల్ ఆపా పేరొచ్చింది. ఆమె మొగుడు పోయి ఆరేళ్ళయింది, కొడుకూ కోడలితో ఉంటుంది. "సరిగ్గా చదువు," అంది. హేనా మళ్ళీ చదివింది. ఆపా లేచి నిలబడింది. "రోజూ అంటాడే వెధవ, 'నా ఇంట్లో ఉన్నంతకాలం టీవీ చప్పుడు తగ్గించుకో అమ్మా' అని!" అంది. మేమంతా ఒకేసారి నవ్వాం. కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వాం. పొట్ట పట్టుకుని ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. ఆ రోజు పారుల్ ఆపా ఇంట్లో టీవీ చప్పుడు మూడిళ్ళ అవతలికి వినబడింది.

కాగితాలు తిరగేస్తే ఇంకో సంగతి తేలింది. ఆ తొమ్మిదిళ్ళలో అయిదిళ్ళ పక్కన ఖాళీ జాగాలున్నాయి. పిచ్చిమొక్కలు మొలిచి, పాత టైర్లు పడేసి. నాది కలుపుకుని అయిదు.

మర్నాడు పొద్దున మా ఆయన రొట్టె తుంచుతూ తుంచుతూ ఆగిపోయాడు. ఖలీల్ సాబ్ ఇంట్లో ఏదో జరిగినట్టుంది, ఈయనకీ కబురు చేరింది. బియ్యం డబ్బా మీది ఫారం వైపు చూసి, "ఇన్నేళ్ళూ నా ఇల్లనుకున్నాను," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏదో చిన్నబుచ్చుకున్నట్టుంది.

"నేనూ మీ ఇల్లనే అనుకున్నాను," అన్నాను. "అందుకే మేకు కొట్టాలన్నా మిమ్మల్ని అడిగి కొట్టాను."

ఆయన నా వైపు చూశాడు. ఎన్నాళ్ళకో సరిగ్గా చూశాడు. గోడలన్నీ ఒకసారి కలియజూశాడు, ఎక్కడెక్కడ ఎన్ని మేకులున్నాయో వెతుక్కుంటున్నట్టు. జాలేసింది నాకు. కానీ జాలేసినప్పుడల్లా లేచి ఏదో ఒకటి చేసిపెట్టే అలవాటు నాకుంది, ఆ రోజు లేవలేదు. ఆయన రొట్టె చల్లారిపోయింది, అదే తిన్నాడు. తిని, "నీ ఇష్టం," అన్నాడు. ఆ మాట ఆయన ఇదివరకు చాలాసార్లు అన్నాడు. దానికి అర్థం నా ఇష్టమని ఎప్పుడూ కాదు. ఈసారి మాత్రం అదే అర్థం, వేరే అర్థం మిగల్లేదు.

గురువారం ఆ అయిదిళ్ళవాళ్ళం బయల్దేరాం, హేనా కారులో ముగ్గురం, రోషనారా కూతురి కారులో ఇద్దరు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. పారుల్ ఆపా ఈద్‌కి దాచుకున్న చీర కట్టింది. కౌంటర్ దగ్గర ఆ గొలుసు కళ్ళజోడు ఆవిడే ఉంది. ఒకరి వెనక ఒకరం నిలబడ్డ మమ్మల్ని చూసి, "ఇదేంటి, పెళ్ళివారా?" అంది. అందరం పకపకా నవ్వాం. దేనికి వాడతారు అన్నచోట నేను మా అక్షరాల్లో రాయబోయి ఆగి, ఇంగ్లీషులో, నా చేత్తో, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను. కూరగాయలకి. కూర్చోడానికి. రోషనారా చూసి తనూ అదే రాసింది. పారుల్ ఆపాకి రాయడం రాదు, హేనా రాస్తుంటే పక్కనుండి, "పాడుకోడానికి కూడా వెయ్యి," అంది. ఆవిడ ఆ ఫారాలు చదివి, ఏ కూరగాయలని అడిగి, సొరకాయలని చెబితే ముద్ర వేస్తూ, "ఆ సొరకాయలు నేను ఎప్పుడూ తినలేదు సుమా," అంది. ఆగస్టులో తెచ్చిస్తానని మాటిచ్చాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన జాగాలో నిలబడి ఉన్నాడు. పందిరి కిందికి ఆయన రావడం అదే మొదటిసారనుకుంటా, తల వంచుకోవాలని తెలీక వల తగిలి టోపీ పడిపోయింది. నేను కారు దిగి కాగితం చూపించాను. చదివాడు. మడిచి నా చేతికే ఇచ్చాడు, సొరుగులో పెట్టమనలేదు. గెలిచానన్న గర్వం కాదు గానీ, ఒళ్ళంతా తేలికైపోయి, ఆయన్ని కూడా సోఫా మీద కూర్చోమనాలనిపించింది. కూర్చోమన్నాను. కూర్చున్నాడు. కాసేపటికి నిజంగా అర్థంకాక అడిగాడు, "మరి శనివారం మీటింగుకి వచ్చేవాళ్ళు కార్లు ఎక్కడ పెట్టుకుంటారు?"

"ఎవరిల్లూ మూడు వీధులు దాటి లేదు కదండీ, నడిచి రమ్మనండి. మరీ కాళ్ళు నొప్పులంటే, దార్లో ఏ జాగాలోనైనా ఆగొచ్చు. కాకపోతే ఇంటావిణ్ణి అడిగి ఆగమనండి," అన్నాను.